పిల్లిని దత్తత ఇవ్వడానికి ఇన్ని ప్రశ్నలెందుకు?

జంతు సంరక్షణ కేంద్రాలు ఇచ్చే దత్తత ఫారంలో తరచుగా ఒక ప్రశ్న కనిపిస్తుంది: మీ ఇంటి కిటికీలకు, బాల్కనీకి జాలీ ఉందా? బరంపురంలోనో పర్లాకిమిడిలోనో రాయగడలోనో ఉన్న తెలుగు కుటుంబానికి ఆ ప్రశ్న విడ్డూరంగా తోస్తుంది. మన ఇళ్లలో పిల్లి ఎప్పుడూ కిటికీలోంచే వచ్చింది, కిటికీలోంచే వెళ్లింది. పెరటి గోడ మీద దాని రాకపోకలను ఎవరూ పట్టించుకోలేదు. పాలగిన్నె మీద మూత పెట్టుకోవడంతో మన జాగ్రత్త అయిపోయేది. అలాంటి జీవిని ఇంటికి తెచ్చుకుంటామంటే గుర్తింపు కార్డు చూపమనడం, ఇంటి యజమాని ఒప్పుకున్నాడా అని అడగడం, కొన్నాళ్లకు ఫొటోలు పంపమనడం చూసి చాలామంది విసుక్కుని వెనక్కి తిరుగుతారు. తెలిసినవాళ్ల ఇంట్లో పిల్లి ఈనిందంటే వెళ్లి ఒక కూనను సంచిలో వేసుకుని వస్తారు.

ఆ ప్రశ్నల్లో ప్రతిదాని వెనకా చచ్చిపోయిన పిల్లో తప్పిపోయిన పిల్లో ఉందని నా నమ్మకం. అయితే అవన్నీ మన ఊళ్లకు ఉన్నవి ఉన్నట్టుగా అమరుతాయని అనను. ఎనిమిదో అంతస్తు ఫ్లాటును మనసులో పెట్టుకుని రాసిన ఫారం గంజాం జిల్లాలోని పెంకుటింటికి, ధాన్యం బస్తాలుండే వసారాకు పూర్తిగా సరిపోదు. ఏ ప్రశ్న ఎందుకు పుట్టిందో తెలిస్తే మనకు వర్తించేది ఏదో మనమే తేల్చుకోవచ్చు. ఫారంలో లేకపోయినా ఇక్కడ తప్పనిసరిగా వేసుకోవలసిన ప్రశ్నలు కూడా కొన్ని ఉన్నాయి.

చిక్కంతా ఒక్క నమ్మకం దగ్గర ఉంది. పిల్లి ఎలాగోలా బతికేస్తుందని మనం అనుకుంటాం. కుక్క మనిషిని నమ్ముకుంటుంది, పిల్లి ఎవరినీ నమ్ముకోదు, దానికి ఏడిళ్ల తిండి అంటాం. మనకు కనిపించే పిల్లులను చూస్తే అది నిజమే అనిపిస్తుంది కూడా. కానీ మనకు కనిపించేవి బతికి బయటపడ్డ పిల్లులు మాత్రమే. వీధిలో పుట్టిన కూనల్లో ఎక్కువ భాగం ఆరు నెలలు నిండకుండానే పోతాయి. కొన్ని రోగాలతో, కొన్ని కుక్కల నోట పడి, కొన్ని బళ్ల కింద. అవి చచ్చే చోట మనం ఉండం. సంరక్షణ కేంద్రంలో పనిచేసేవాళ్లు ఉంటారు. అందుకే వాళ్ల లెక్క వేరుగా ఉంటుంది.

సరిహద్దులో కేంద్రం ఎక్కడ?

1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం, కొరాపుట్ ప్రాంతాలు అటు వెళ్లాయి. అక్కడి తెలుగు ఇళ్లు అక్కడే ఉండిపోయాయి. అప్పటి నుంచి ఇక్కడివాళ్ల బతుకు రెండు రాష్ట్రాల మధ్య నడుస్తోంది. పర్లాకిమిడి వాళ్లకు పాతపట్నం పక్క ఊరు, బరంపురం వాళ్లకు ఇచ్ఛాపురం పొద్దున వెళ్లి మధ్యాహ్నానికి తిరిగి రాగల ఊరు. పిల్లి కోసం వెతికేటప్పుడు కూడా చూపు రెండు వైపులా పోతుంది. బరంపురం నుంచి భువనేశ్వర్ సుమారు 170 కిలోమీటర్లు. రాయగడ, కొరాపుట్ వాళ్లకు మాత్రం భువనేశ్వర్ కంటే విశాఖపట్నమే దగ్గర. అక్కడ 1996లో మొదలైన విశాఖ జంతు సంరక్షణ సంఘం ఉంది. తెలుగు నేల మీద ఈ పని చేస్తున్న పాత సంస్థల్లో అది ఒకటి. హైదరాబాద్ బ్లూ క్రాస్ దానికంటే కొంచెం ముందుది, 1992 నాటిది.

నిజానికి ఇంత దూరం వెళ్లాల్సిన అవసరం ఉండకూడదు. ప్రతి జిల్లాలోనూ జంతుహింస నివారణ సంఘం ఉండాలని, దానికి చికిత్సాలయం, ఆశ్రయం కట్టుకునేంత స్థలం ఉండాలని 2001లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన నియమాలు చెబుతున్నాయి. మీ జిల్లాలో ఆ సంఘం పనిచేస్తోందా లేదా అన్నది కలెక్టరు కార్యాలయంలోనో, జిల్లా ముఖ్య పశువైద్యాధికారి కార్యాలయంలోనో అడిగితే తెలుస్తుంది. అడగడం వల్ల ఇంకో మేలు కూడా ఉంది. అడిగేవాళ్లు ఉన్నారని ఆ కార్యాలయానికి తెలియాలి.

ఉన్న కేంద్రాల్లో కూడా కుక్కలే ఎక్కువగా కనిపిస్తాయి. దానికి కారణం ఉంది. వీధి కుక్కలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేయించడం, రేబిస్ టీకాలు వేయించడం స్థానిక సంస్థల బాధ్యత అని 2001 నాటి నియమాలు, వాటి స్థానంలో వచ్చిన 2023 నాటి నియమాలు స్పష్టంగా చెప్పాయి. కాబట్టి బోనులు, డబ్బు, మనుషులు అటే పోతాయి. పిల్లులు మాత్రం ఎక్కువగా జనం తెచ్చి వదిలేస్తే కేంద్రానికి చేరతాయి. అలా చేరే వాటిలో కళ్లు తెరిచీ తెరవని కూనలే ఎక్కువ.

ఆ కూనల్లో కొన్ని అసలు రావలసినవే కావు. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందని మనవాళ్లు అనడంలో సత్యం ఉంది. పెట్టిన చోటు భద్రంగా లేదనిపిస్తే తల్లి ఒక్కో కూనను మెడ దగ్గర నోట కరుచుకుని వేరే చోటికి మారుస్తుంది. నాలుగు కూనలుంటే నాలుగుసార్లు తిరగాలి. మధ్యలో కనిపించిన రెండింటిని చూసి, అయ్యో అనాథలు అని ఎత్తుకొచ్చేస్తే తల్లి తిరిగి వచ్చి వెతుక్కుంటుంది. కూనలు వెచ్చగా, పొట్ట నిండుగా, అరవకుండా పడుకుని ఉంటే తల్లి దగ్గరలోనే ఉందని అర్థం. దూరంగా నిలబడి కొన్ని గంటలు గమనించాలి. మనిషి చెయ్యి తగిలితే తల్లి దగ్గరకు తీయదన్న భయం కూడా అక్కర్లేదు, చాలా తల్లులు తీసుకుంటాయి. ఒళ్లు చల్లబడి, ఆగకుండా అరుస్తూ, కళ్లకు పుసి కట్టి ఉంటేనే మన సాయం కావాలి. అప్పుడు కూడా మొదట కావలసింది వెచ్చదనం, పాలు తర్వాత. చల్లబడిన కూనకు పాలు పడితే అరగవు. ఆవు పాలు అయితే విరేచనాలు పట్టుకుంటాయి.

ఆపరేషన్ షరతు

దత్తత తీసుకునేవాళ్లను ఎక్కువగా ఇబ్బంది పెట్టే షరతు ఇదే. కేంద్రం పెద్ద పిల్లి అయితే ఆపరేషన్ చేసి ఇస్తుంది, కూన అయితే ఫలానా వయసుకు చేయిస్తామని సంతకం పెట్టమంటుంది. ఒక్క ఈత అయినా ఈననివ్వాలి, లేకపోతే పాపం అన్న మాట మన ఇళ్లలో గట్టిగా వినిపిస్తుంది. పెద్దవాళ్లు నిజంగా బాధపడే చెబుతారు కాబట్టి కొట్టిపారేయకుండా జవాబు చెప్పాలి.

ఆడపిల్లి అయిదారు నెలలకే ఎదకు వస్తుంది, కొన్ని నాలుగు నెలలకే వస్తాయి. కడుపుతో ఉండేది 63 నుంచి 65 రోజులు. పాలిస్తూ ఉండగానే మళ్లీ కట్టగలదు. పగటి వెలుతురు బాగా ఉండే కాలంలో ఎక్కువగా ఎదకు వస్తుంది, మన వైపు ఏడాదిలో వెలుతురు కొరత ఉండే రోజులు తక్కువే. కాబట్టి ఏడాదికి రెండు మూడు ఈతలు ఈనడం సాధ్యమే. ఒక్క ఈత అని ఆగాలనుకున్నా, ఆ ఈత పిల్లలు పెరుగుతుండగానే రెండో కడుపు వచ్చేస్తుంది. పుట్టిన నాలుగైదింటికి ఇళ్లు దొరకవు. గోనెసంచిలో పెట్టి చేపల బజారు దగ్గరో రైస్ మిల్లు వెనకో వదిలేసి వచ్చేది ఆ తర్వాతే. పాపం అన్న మాట వాడాలంటే అక్కడ వాడాలి.

ఒకసారి ఈనితే పిల్లి ఆరోగ్యం బాగుపడుతుందన్నదానికి వైద్యంలో ఆధారం లేదు. పైగా మొదటి ఎదకు ముందే ఆపరేషన్ చేయిస్తే రొమ్ము గడ్డల ముప్పు చాలా తగ్గుతుంది. పిల్లుల్లో వచ్చే రొమ్ము గడ్డల్లో ఎక్కువ భాగం కేన్సరే కాబట్టి ఇది చిన్న విషయం కాదు. గండుపిల్లికి ఆపరేషన్ చేయిస్తే ఊరంతా తిరగడం, పోట్లాటలు, గుమ్మాల మీద మూత్రం చిమ్మడం బాగా తగ్గుతాయి. ఇరుగుపొరుగు తగాదాల్లో సగం వీటివల్లే వస్తాయి. కేంద్రంలో పిల్లిని చూసేటప్పుడు ఎడమ చెవి కొస కొద్దిగా కత్తిరించి, నున్నగా మానిన గీతలా కనిపిస్తే అది గాయం కాదు. ఆ పిల్లికి ఆపరేషన్ అయిపోయిందని దూరం నుంచే తెలియడానికి మత్తులో ఉండగా పెట్టే గుర్తు. చాలా చోట్ల ఎడమ చెవికే పెడతారు.

మన చిన్న పట్టణాల్లో నిజమైన ఇబ్బంది ఇంకో చోట ఉంది. బ్లాకు స్థాయి పశువుల ఆసుపత్రి డాక్టర్లు ఆవులు, మేకలు, కోళ్లతోనే తీరిక లేకుండా ఉంటారు. పిల్లికి మత్తు ఇచ్చి పొట్ట కోసే అలవాటు, అందుకు కావలసిన సరంజామా అన్ని చోట్లా ఉండవు. కాబట్టి మీరు గుణుపూర్‌లోనో జయపురంలోనో ఉంటే కూనను తెచ్చుకుని తర్వాత చూద్దాం అనుకోకండి. ఆపరేషన్ అయిన ఏడాది పిల్లినే అడగండి. ఇది నేను ఎవరు అడిగినా చెప్పే మాట. కూన ముద్దుగా ఉంటుంది నిజమే. కానీ పెద్ద పిల్లికి టీకాలు అయి ఉంటాయి, ఆపరేషన్ అయి ఉంటుంది, దాని స్వభావం ఏమిటో కేంద్రం వాళ్లకు తెలిసి ఉంటుంది. పిల్లలంటే బెదిరేదా, కుక్కను చూసి ఊరుకునేదా, ఒళ్లో కూర్చునేదా అని అడిగితే సమాధానం దొరుకుతుంది. కూన విషయంలో అవన్నీ మన అదృష్టం మీద ఆధారపడతాయి.

జాలీ ప్రశ్నకు వస్తే

మిద్దె మీద నుంచి పడటం, వీధి కుక్కలు, జాతీయ రహదారి మీద బళ్లు, ఇవన్నీ అందరికీ తెలిసినవే. మన వైపు వీటికంటే పెద్ద శత్రువు ఎలుకల మందు. ధాన్యం నిల్వ ఉండే ఇళ్లు, మిల్లులు, కిరాణా గోదాములు ఉన్న చోట అది పెట్టని వాడ ఉండదు. ఇది రెండు రకాలుగా ఉంటుంది. జింక్ ఫాస్ఫైడ్ కడుపులోకి వెళ్లాక విషవాయువు పుట్టించి గంటల్లో చంపుతుంది, దానికి విరుగుడు లేదు. బ్రోమడియోలోన్ కలిపిన బిళ్లలు రక్తం గడ్డకట్టకుండా చేస్తాయి. దాన్ని తిన్న ఎలుక వెంటనే చావదు, కొన్ని రోజులు నీరసంగా తూలుతూ తిరుగుతుంది. అలాంటి ఎలుక పిల్లికి సులువుగా చిక్కుతుంది. రెండు మూడు రోజులకు చిగుళ్లు పాలిపోయి, ముక్కులోంచో మూత్రంలోంచో రక్తం కనబడితే అనుమానించాలి. విటమిన్ కె1 సకాలంలో మొదలుపెడితే బతికించవచ్చు. అందుకే ఏ మందు పెట్టారో ఆ పొట్లం దాచి డాక్టరుకు చూపడం ముఖ్యం.

ఎలుకల కోసమే పిల్లిని తెచ్చుకునేవాళ్లు ఈ ఒక్క సంగతి తేల్చుకోవాలి. పిల్లి ఉన్న ఇంట్లో ఎలుకల మందు ఉండకూడదు, పక్కింట్లో కూడా ఉండకూడదు. పక్కింటివాళ్లను ఒప్పించలేకపోతే పిల్లిని ఇంట్లోనే ఉంచాలి. అలాంటప్పుడు జాలీ తప్పదు. కిటికీలకు దోమల జాలీ ఎలాగూ పెట్టిస్తాం. పిల్లి గోళ్లకు చిరగని ఇనుప జాలీ పెట్టిస్తే రెండు పనులూ అవుతాయి. మధ్యలో ఆకాశం కనిపించే మండువా ఇంట్లోనో, అరుగు, వసారా ఉన్న ఇంట్లోనో మొత్తం మూయడం కుదరదు. అక్కడ రాత్రిపూట ఒక గదిలో ఉంచి తలుపు వేయడం, ఆపరేషన్, టీకాలు, ఈ మూడూ ఉంటే ముప్పు చాలావరకు తగ్గుతుంది. ఇంటి సంగతి ఉన్నది ఉన్నట్టు చెబితే కేంద్రం వాళ్లు దానికి తగ్గ పిల్లిని చూపగలరు. లేని జాలీ ఉందని రాస్తే నష్టపోయేది ఆ పిల్లే.

ఫారంలో మిగతా ప్రశ్నలు తేలికైనవి. ఇంట్లో అందరూ ఒప్పుకున్నారా అని అడిగేది అత్తగారో మామగారో నెల తిరక్కుండా బయట వదిలేయమన్న సందర్భాలు ఉండబట్టే. అద్దె ఇల్లా అని అడిగేదీ అందుకే.

కాగితాలు, చట్టం, సరిహద్దు దాటడం

కేంద్రం రాయించుకునే కాగితం ఒక ఒప్పందం. సాధారణంగా అందులో ఉండేవి ఇవి: అమ్మకూడదు, వేరేవాళ్లకు చెప్పకుండా ఇవ్వకూడదు, ఆపరేషన్ చేయించాలి, పెంచలేకపోతే తిరిగి కేంద్రానికే అప్పగించాలి, ఎప్పుడైనా వచ్చి చూడటానికి ఒప్పుకోవాలి. చివరి షరతు చూసి అవమానంగా అనుకోనక్కర్లేదు. పిల్లిని దత్తత పేరుతో తీసుకెళ్లి అమ్ముకునేవాళ్లు కూడా ఉంటారని వాళ్లకు తెలుసు.

చట్టం విషయానికొస్తే, 1960 నాటి జంతుహింస నివారణ చట్టం దీనంతటికీ మూలం. దాని వెనక భరతనాట్య కళాకారిణి రుక్మిణీదేవి అరండేల్ పట్టుదల ఉంది. ఆమె రాజ్యసభ సభ్యురాలిగా 1953లో ప్రైవేటు బిల్లు పెట్టారు. 1962లో జంతు సంక్షేమ మండలి ఏర్పడినప్పుడు తొలి అధ్యక్షురాలు ఆమే. ఆకలిదప్పులతో అల్లాడే పరిస్థితిలో జంతువును వదిలేయడం ఆ చట్టంలోని 11వ సెక్షన్ కింద నేరం. కానీ మొదటిసారికి అందులో రాసిన జరిమానా 10 నుంచి 50 రూపాయలు. ఈ అంకె చూస్తే కేంద్రాలు చట్టం మీద ఆధారపడకుండా ఇన్ని ప్రశ్నలు ఎందుకు అడుగుతాయో అర్థమవుతుంది. వదిలేశాక వేసే శిక్ష పిల్లికి ఏమీ చేయదు. చంపడం, అవయవాలు పోగొట్టడం మాత్రం వేరు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద అయిదేళ్ల వరకు జైలు పడవచ్చు.

విశాఖ నుంచి ఒడిశాకో, భువనేశ్వర్ నుంచి శ్రీకాకుళానికో పిల్లిని తీసుకెళ్లేటప్పుడు ఏ కాగితాలు ఉండాలన్న సందేహం అందరికీ వస్తుంది. 1978 నాటి జంతువుల రవాణా నియమాల ప్రకారం ప్రయాణానికి తగిన ఆరోగ్యంతో ఉందని, రేబిస్ సహా అంటురోగ లక్షణాలు లేవని పశువైద్యుడు ఇచ్చిన ధ్రువపత్రం వెంట ఉండాలి. నిండు కడుపుతో ఉన్న పిల్లిని తరలించకూడదు. పాలు మరవని కూనలను తల్లితో తప్ప వేరే పెద్ద పిల్లులతో కలిపి పంపకూడదు. టీకా కార్డుకు రాష్ట్రాల సరిహద్దు లేదు, విశాఖలో వేసిన టీకా నమోదు బరంపురం డాక్టరు చూసి కొనసాగించవచ్చు. రైల్లో వెళ్లాలనుకుంటే స్టేషన్ పార్శిల్ కార్యాలయంలో ముందురోజే అడిగి రసీదు సంగతి తేల్చుకోండి. బండి కదిలే వేళకు వాదనలు పెట్టుకుంటే పిల్లి బెదిరిపోతుంది. ఏ వాహనమైనా మూత గట్టిగా పడే, గాలి ఆడే ప్లాస్టిక్ బుట్ట కావాలి. సంచిలోనో అట్టపెట్టెలోనో తెస్తే దారి మధ్యలో చించుకుని దూకి పోయే పిల్లులు ఎన్నో. ఊరు కాని ఊళ్లో దూకిన పిల్లి మళ్లీ దొరకదు.

రోగాలు, భయాలు

తెచ్చుకునే ముందు కేంద్రంలో ఒక్కటి తప్పక అడగాలి. ఈమధ్య అక్కడ పాన్‌ల్యూకోపీనియా కనబడిందా? ఇది పిల్లుల పార్వో జబ్బు. వాంతులు, విరేచనాలు, ఒక్కసారిగా నీరసం, కూన అయితే రెండు మూడు రోజుల్లో ప్రాణం పోవడం. దీని వైరస్ నేల మీద, గిన్నెల మీద, గుడ్డల మీద ఏడాది వరకు బతికి ఉండగలదు. మీ ఇంట్లో ఇంతకుముందు ఏదైనా కూన ఇలా చచ్చిపోయి ఉంటే ఆ సంగతి దాచకుండా చెప్పాలి, బ్లీచింగ్ ద్రావణంతో కడగాలి, టీకాలు పూర్తయిన పెద్ద పిల్లినే తెచ్చుకోవాలి. దీనితో పాటు రెండు జలుబు వైరస్‌లకు కలిపి ఒకే టీకా ఉంది. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి మూడు నాలుగు వారాలకోసారి, పదహారు వారాలు నిండేవరకు వేస్తారు. రేబిస్ టీకా మూడు నెలలకు. ఇంట్లో ముందే ఇంకో పిల్లి ఉంటే కొత్తదాన్ని కనీసం రెండు వారాలు వేరే గదిలో ఉంచాలి.

రేబిస్ కుక్కల జబ్బు అని మాత్రమే అనుకోవడం ప్రమాదం. పిల్లి కరిచినా, రక్తం వచ్చేలా రక్కినా అంతే జాగ్రత్త కావాలి. సబ్బు పెట్టి పారే నీటి కింద పదిహేను నిమిషాలు కడిగి, ఆరోజే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి టీకా మొదలుపెట్టాలి. పసుపు, సున్నం, కారం పెట్టి ఊరుకోకూడదు.

ఇంట్లో గర్భిణి ఉంటే పిల్లిని వదిలేయమని సలహా ఇచ్చేవాళ్లు ఎక్కువ. టాక్సోప్లాస్మా అనే క్రిమి గురించిన భయం ఇది, భయానికి కారణం నిజమైనదే. కానీ పిల్లి ఆ క్రిమి గుడ్లను సాధారణంగా జీవితంలో ఒకసారి, అదీ ఒకటి నుంచి మూడు వారాలే మలంలో వదులుతుంది. వదిలిన వెంటనే అవి అంటుకోవు, అందుకు ఒకటి నుంచి అయిదు రోజులు పడుతుంది. కాబట్టి ఇసుక ట్రేను రోజూ శుభ్రం చేస్తే, ఆ పని ఇంట్లో వేరే ఎవరైనా చేస్తే, పచ్చిమాంసం పిల్లికి పెట్టకపోతే సరిపోతుంది. మనుషులకు అది సరిగా ఉడకని మాంసం ద్వారా, మట్టి అంటిన కూరగాయల ద్వారా కూడా వస్తుంది. కూర బాగా ఉడికించడం, కూరగాయలు కడగడం పిల్లి లేని ఇంట్లోనూ అవసరమే.

పిల్లి వెంట్రుక కడుపులోకి పోతే ఆయాసం వస్తుందన్నది ఇంకో భయం. ఆయాసం, తుమ్ములు కొందరికి వచ్చే మాట నిజం. దానికి కారణం పిల్లి లాలాజలంలో, చర్మంలో ఉండే ఒక ప్రొటీను. నాకి నాకి వెంట్రుకలకు పూసుకోవడం వల్ల అది గాలిలోకి వస్తుంది. ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్లు ఉంటే తెచ్చుకునే ముందు కేంద్రానికి వెళ్లి పిల్లుల మధ్య గంటసేపు కూర్చుని చూడాలి. ఇబ్బంది ఉంటే అక్కడే తెలుస్తుంది.

నల్లపిల్లి సంగతి. ఎదురొస్తే పని చెడుతుందన్న నమ్మకం వల్ల చాలా కేంద్రాల్లో అవి చివరిదాకా మిగిలిపోతాయి. తూర్పు భారతంలో పసిపిల్లలను కాచే షష్ఠీదేవికి వాహనం పిల్లే. నమ్మకాల్లోంచి ఒకదాన్ని ఎంచుకోవలసి వస్తే నేను దాన్ని ఎంచుకుంటాను.

తిండి

పాలన్నం, పెరుగన్నం మీద పిల్లి బతకదు. పూర్తిగా మాంసాహారి అయిన జంతువు అది. టౌరిన్ అనే పదార్థాన్ని తన ఒంట్లో చాలినంత తయారుచేసుకోలేదు, మాంసం, చేపల నుంచే రావాలి. అది అందకపోతే నెలల తరబడి బయటికి ఏమీ కనబడదు. తర్వాత కంటిచూపు పోతుంది, గుండె కండరం సాగిపోతుంది. శాకాహార ఇళ్లవాళ్లు దీని గురించి ముందే ఆలోచించుకోవాలి. వంటింట్లోకి చేప రానివ్వకపోతే పిల్లుల కోసం తయారుచేసిన పొట్లం తిండి వాడవచ్చు, దానిలో టౌరిన్ కలిపే ఉంటుంది. కుక్కల తిండి పెట్టకూడదు. ఏ రకమూ ఇష్టం లేకపోతే పిల్లిని పెంచకపోవడమే దానికి చేసే దయ.

గోపాలపూర్ తీరంలోని తెలుగు మత్స్యకారుల ఊళ్లలోలాగా చేప చవకగా దొరికే చోట ఈ బెంగ తక్కువ. అక్కడ కూడా రెండు జాగ్రత్తలు అవసరం. కొన్ని రకాల చేపల్లో విటమిన్ బి1ను నాశనం చేసే పదార్థం ఉంటుంది కాబట్టి పచ్చిగా రోజూ పెట్టకూడదు. ఉడికించాలి, ఉడికిన నీళ్లు పారబోయకుండా దాంట్లోనే కలపాలి, టౌరిన్ నీళ్లలోకి దిగుతుంది. ఎండుచేపల్లో ఉప్పు ఎక్కువ. నానబెట్టి, ఆ నీళ్లు తీసేసి, అప్పుడప్పుడు కొద్దిగా పెట్టవచ్చు. ఉల్లి, వెల్లుల్లి వేసిన పులుసు పెట్టకూడదు, అవి పిల్లి రక్తకణాలను చెడగొడతాయి.

జ్వరంగా ఉందని పారాసిటమాల్ ఇవ్వడం మన ఇళ్లలో జరిగే అతి పెద్ద ప్రమాదం. ఆ మందును విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి లేదు. ఒక్క మాత్ర చాలు. చిగుళ్లు గోధుమ రంగుకు తిరిగి, ముఖం వాచి, ఊపిరి ఆడక చచ్చిపోతుంది. కుక్కల గోమార్లకు వాడే పర్‌మెత్రిన్ మందు కూడా పిల్లికి విషమే.

వచ్చిన మొదటి రోజులు

కొత్త పిల్లి ఇల్లంతా తిరుగుతుందని పిల్లలు ఎదురుచూస్తారు. అది మాత్రం బుట్టలోంచి పొట్ట నేలకు ఆనించి పాకుతూ వచ్చి, గోడవారగా జరిగి, బియ్యం డబ్బా వెనకో గ్యాస్ బండ వెనకో దూరి, వెనక గోడకు వీపు ఆనించి కూర్చుంటుంది. కళ్లలో నల్లపాప మొత్తం విచ్చుకుని ఉంటుంది. మీసాలు వెనక్కి అణిగి ఉంటాయి. ఎవరైనా చెయ్యి చాస్తే బుస్సుమంటుంది. పిల్లి మంచిది కాదని ఆ రాత్రే అనేస్తారు. అది భయం మాత్రమే. బయటికి లాగకూడదు. ఒక్క గది ఇచ్చి, ఒక మూల ఇసుక ట్రే, ఇంకో మూల తిండి, నీళ్లు పెట్టి తలుపు వేసేయాలి. తిండి, ట్రే పక్కపక్కన పెడితే తినదు. రోజుకు రెండుసార్లు ఎవరో ఒకరు లోపలికి వెళ్లి నేల మీద ఊరికే కూర్చుని, దానివైపు గుచ్చి చూడకుండా మెల్లగా మాట్లాడితే చాలు. మొదటి రాత్రి తినకపోవచ్చు. రెండు రోజులు దాటినా ఏమీ తినకపోతే మాత్రం డాక్టరుకు చూపించాలి. తిండి మానిన పిల్లికి, ముఖ్యంగా బొద్దుగా ఉన్నదానికి, కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికి వస్తుంది. ఇల్లు తనదనిపించడానికి మూడు నెలల వరకు పట్టవచ్చు.

ఇక ఫారంలో సాధారణంగా కనబడని ప్రశ్న. తుపాను వస్తే ఈ పిల్లి ఎక్కడ ఉంటుంది? 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర దాటి గంజాం, గజపతి జిల్లాలను ముంచింది. ఆ నెల మనకు భయం నెల. గాలి మొదలయ్యాక పిల్లిని పట్టుకోవడం ఎవరి తరమూ కాదు, అటక మీదికో పెంకుల కిందికో పోతుంది. కాబట్టి బుట్టను అటక మీద దాచకుండా, పాత చీర పరిచి, ఏడాది పొడవునా గదిలోనే తెరిచి ఉంచాలి. పిల్లి దానిలో పడుకోవడం అలవాటు చేసుకుంటే హెచ్చరిక వచ్చిన రోజు మూత వేయడమే పని. టీకా కార్డు, దత్తత కాగితం, పిల్లి ఫొటో ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టి మన పట్టాలతో పాటే ఉంచుకోవాలి. సహాయ శిబిరానికి వెళ్లవలసి వస్తే అక్కడ పిల్లిని రానిస్తారో లేదో తెలియదు కాబట్టి పక్కా ఇల్లున్న బంధువులను ముందే అడిగి పెట్టుకోవాలి.

ఇన్ని చేసినా కొన్నిసార్లు కుదరదు. బదిలీ అవుతుంది, ఉబ్బసం ముదురుతుంది, ఇంట్లో ఉన్న కుక్కకూ దానికీ పొసగదు. అప్పుడు మొహమాటంతో ఎవరికో కట్టబెట్టడం, మార్కెట్లో వదిలేయడం చేయకుండా ఇచ్చిన కేంద్రానికే ఫోన్ చేయండి. ఏం తింటుంది, దేనికి బెదురుతుంది, ట్రే వాడుతోందా, ఏ టీకా ఎప్పుడు వేయించారు అన్నవి కాగితం మీద రాసి ఇవ్వండి. తర్వాత దాన్ని తీసుకునే కుటుంబానికి అవే అక్కరకొస్తాయి.